ఇంట పుట్టిన పాట

గత ఆషాఢమున ఒక సాయంకాలము కళాశాల గ్రంథాలయములో కూర్చుండి యుంటిని. వెలుపల వాన కురియుచుండెను. ఎదుటి బల్లకడ మా ద్వితీయ సంవత్సరపు విద్యార్థి యొకడు చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని అర్థశాస్త్రపు నోట్సు వ్రాసికొనుచుండెను. పాట వినుచు చదువుట యెట్లు సాధ్యమగునో తెలిసికొనగోరి, ఏమి వినుచున్నావని అడిగితిని.

"లోఫై సార్. మాటలుండవు. చదువుకి అడ్డం రాదు" అని ఒకటి తీసి నా చెవి కందించెను.

మెల్లగా నడచు తాళము, ఎక్కడో దూరపు గదిలో వాయించినట్లున్న పియానో, వానచినుకుల సవ్వడి వినబడినవి. వీని యన్నిటి వెనుక, పాత గ్రామఫోను రికార్డుపై ముల్లు నడచునప్పటి చిటపట ఎడతెగక సాగుచుండెను. "నీ ఫోను చెడిపోయినదేమో, ఈ చిటపట యేమి?" అంటిని. ఆ బాలుడు నవ్వి, "అది కావాలని కలిపారు సార్. అది లేకపోతే లోఫై కాదు" అనెను.

ఆ మాట చాల దినములు నా మనస్సున మెదలుచుండెను. మా చిన్ననాడు ఇంట టేపురికార్డరున్నవారు ఆ రొద తగ్గించుటకు పడిన పాట్లు నేనెరుగుదును. దూదిపై స్పిరిటు చిలికి యంత్రపు హెడ్డును తుడుచువారము. సడలిన టేపును పెన్సిలు దూర్చి త్రిప్పి బిగించువారము. ధ్వనిముద్రణలోని దోషములను తొలగించుటకై శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా శ్రమించిరి. తీరా తొలగిన తరువాత వానిని వెదకి తెచ్చి పాటలో కలుపుకొనుట యేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా, ఇండ్లలో కూర్చుండి క్రొత్త పాటలు కట్టిన కొందరి చరిత్ర తెలిసినది. దానితోపాటు పదేండ్ల క్రిందట నేను చేసిన పొరపాటొకటి జ్ఞప్తికి వచ్చినది. మొదట వారి సంగతి చెప్పి, పిదప నా సంగతి చెప్పెదను.

పేరులోని మెలిక

లోఫై యనునది 'లో ఫిడెలిటీ' యను ఆంగ్ల పదముల సంక్షేపము. ఫిడెలిటీ యనగా విశ్వాసపాత్రత. గాయకుడు పాడిన ధ్వనిని యంత్రము ఎంత నమ్మకముగా తిరిగి వినిపించునో తెలుపు మాట యది. 1950 ప్రాంతమున గ్రామఫోను వ్యాపారులు తమ యంత్రముల గొప్పను చాటుటకు 'హైఫై' యని ప్రచారము చేసిరి. దానికి వ్యతిరేకమైన 'లోఫై' సహజముగనే నిందావాచకమైనది.

ఆ నిందావాచకమును ఒక సంగీతపు పేరుగా వాడుకలోనికి తెచ్చినవారిలో రేడియోవారు ముఖ్యులు. 1986లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున డబ్ల్యు.ఎఫ్.ఎం.యు. అను రేడియో కేంద్రమందు విలియం బెర్గర్ అనునతడు, ఇండ్లలో రికార్డు చేసిన పాటలను మాత్రమే వినిపించు అరగంట కార్యక్రమము నడపి, దానికి 'లో-ఫై' యని నామకరణము చేసెను. ఈ పాటలు జానపద గేయములు కావు. పల్లవి, చరణములు గలిగి రెండు మూడు నిమిషములలో ముగియు పాప్ పాటలే. కాని వానిని కట్టినవారు పెద్ద స్టూడియోల గడప త్రొక్కక, పడకగదులలో, వంటయిండ్లలో, కారు షెడ్లలో, చేతికందిన వస్తువులతో క్రొత్త ధ్వనులను పుట్టించుచు ప్రయోగములు చేసిరి. ఆ ప్రయోగమే ఈ సంగీతమునకు ప్రాణము.

గడియారము లేని గది

పూర్వము పాట రికార్డు కావలెనన్న స్టూడియోకు పోవలసినదే. గంటకింతయని అద్దె. గాజు తెర వెనుక ఇంజనీరు కూర్చుండును, గోడపై గడియారము నడచుచుండును. తప్పు పాడినచో కాలము, ధనము రెండును వ్యర్థము. అట్టిచోట ఎవడైనను తనకు బాగుగా వచ్చినదే పాడును గాని, వచ్చునో రాదో తెలియని దానిని పాడి చూడడు. ఇంట పాడుకొనువానికి ఈ భయము లేదు. తప్పు చేయుటకు వానికి వ్యవధి గలదు.

అమెరికా గిటారు విద్వాంసుడు లెస్ పాల్ తన యింటి కారు షెడ్డునే స్టూడియోగా మార్చుకొని, ఒకసారి వాయించినదానిపై మరియొకసారి వాయించి చేర్చుచు, గిటారు భాగములన్నియు తానొక్కడే పూరించి 1948లో 'లవర్' అను గీతమును వెలువరించెను. వినినవారు ఇందరు గిటారు విద్వాంసు లెక్కడివారని తలచునట్లుండెను.

లండను నగరమున హాలోవే రోడ్డులో 304వ నంబరు ఇల్లు. క్రింద తోలు వస్తువుల దుకాణము. దాని పై యంతస్తులలో అద్దెకుండిన జో మీక్ అను నాతనికి స్వరలిపి రాదు. కాని ధ్వని నెట్లు మలచవలెనో ఎరిగినవాడు. వాద్యగాండ్ర నొక గదిలో నుంచి, గాయకుని స్నానాలగదిలో నిలిపి పాడించెడివాడు. అచ్చటి నున్నని గోడలనుండి మరలివచ్చు ప్రతిధ్వని యాతనికి కావలెను. వయొలినువారిని మెట్లపై కూర్చుండబెట్టిన దినములును గలవు. 1962 జూలై 10వ తేదీన అమెరికావారు 'టెల్‌స్టార్' అను కృత్రిమోపగ్రహమును ప్రయోగించిరి. మీక్ ఆ పేరుతోనే మాటలు లేని గీతమొకటి కట్టి, 'టోర్నడోస్' అను బృందముచే వాయింపించి, ఆ యేడే వెలువరించెను. బ్రిటనులోను అమెరికాలోను కూడ అది ప్రథమస్థానము నందెను. అమెరికా పట్టికలో అగ్రస్థానము పొందిన మొట్టమొదటి బ్రిటిషు బృందము బీటిల్స్ అని మనలో చాలమంది తలంతుము. ఆ గౌరవము తోలు దుకాణము మీది గదులలో వాయించిన ఈ టోర్నడోస్‌ది.

ఆ బీటిల్స్ బృందము విడిపోవుచున్న దినములలో పాల్ మెకార్ట్‌నీయు ఇంటనే పాడుకొనెను. నాలుగు మార్గముల టేపు యంత్రము నొకదానిని లండనులోని తన యింటికి తెప్పించి, ధ్వనులను కలుపు బల్ల కూడ లేకుండ, మైకును నేరుగా యంత్రమునకే తగిలించెను. యంత్రమును పరీక్షించుటకు మొదట పాడిన చిన్నపాటలో తాళము కొరకు పుస్తకముపై చేతితో చరచెను. 1970 ఏప్రిల్ నెలలో వెలువడిన 'మెకార్ట్‌నీ' యను రికార్డున ఆ పాటయే మొదటిది. కోరిన స్టూడియో కోరిన క్షణమున దొరకు మనిషి, పుస్తకముపై తాళము వేసి తృప్తి పడెను.

కాసెట్టు వచ్చిన వేళ

అయినను వీరందరు వృత్తిలో నున్నవారు. సామాన్యుని చేతికి యంత్రము వచ్చినది కాసెట్టుతోనే. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు బెర్లిను రేడియో ప్రదర్శనమున ఈ చిన్న పెట్టెను లోకమునకు చూపిరి. 1979లో జపానుకు చెందిన టాస్కాం కంపెనీవారు 'పోర్టాస్టూడియో 144' అను యంత్రమును తెచ్చిరి. అదే కాసెట్టుపై నాలుగు ధ్వనులను నాలుగు మార్గములలో వేర్వేరుగా ముద్రించి, పిదప కలుపుకొనవచ్చును. చేతుల మధ్య పట్టుకొని పోదగిన యంత్రములో ఒక చిన్న స్టూడియో యిమిడినది.

ఈ పాటల వెనుక వినబడు బుస యెక్కడిదో విద్యార్థులు తెలిసికొనదగును. టేపుపై ధ్వనిని నిలుపునవి అయస్కాంతపు రేణువులు. అవి ఎంత సూక్ష్మములైనను అంతటను ఒకే తీరున ఉండవు. ఆ యెగుడుదిగుడులే బుసగా చెవికి సోకును. పెద్ద స్టూడియోలలో రెండంగుళముల వెడల్పు గల టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు, ఒక్కొక్కచోట దానికి రెట్టింపు వేగముతో నడచెడిది. ధ్వనికి చాలినన్ని రేణువులు దొరకుటచే బుస అణగియుండును. కాసెట్టు టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపు. వేగము సెకనుకు ఐదు సెంటీమీటర్ల లోపు. పోర్టాస్టూడియో ఆ వేగమును రెట్టింపు చేసినను, నాలుగు ధ్వనులును ఆ సన్నని పట్టీపైననే ఇరుకవలెను.

నాలుగు మార్గములు చాలనప్పుడు చేయు ఉపాయమొకటి గలదు. మొదటి మూడింటిని నింపి, ఆ మూడింటిని కలిపి నాల్గవదానిపై ఎక్కించి, మొదటి మూడింటిని చెరిపి క్రొత్తవి నింపుదురు. ఇట్లు కలిపినదానిని మరల విడదీయుట అసాధ్యము. ప్రతి యెక్కింపునకు బుస హెచ్చును, ధ్వని అంచులు అరుగును. తాటాకు ప్రతిని చూచి మరియొక ప్రతి వ్రాయునప్పుడు లేఖక దోషములు పేరుకొనుట తెలుగు పండితుల కెరుకయే. ఆ దోషములను తిట్టుకొనుచునే, ఆ ప్రతి లేనిచో గ్రంథమే మనకు దక్కకపోవునని ఆ లేఖకునికి నమస్కరింతుము.

దక్షిణపు దీవులలో

ఈ సంగీతము ఒక దేశపు పాటనే మార్చినచోటు న్యూజీలాండు. అచ్చటి క్రిస్ నాక్స్, అలెక్ బాత్‌గేట్ అను నిరువురు మిత్రులు 'టాయ్ లవ్' అను బృందములో నుండి, 1980లో ఆస్ట్రేలియాకు పోయి సిడ్నీలోని పెద్ద స్టూడియోలో ఒక రికార్డు చేసిరి. అది వారికి నచ్చలేదు. వేదికపై తాము పాడిన పాటలోని కసి యంతయు నునుపులో జారిపోయినదని వారి బాధ. బృందము చెదరిపోయెను. నాక్స్ నాలుగు మార్గముల టేపు యంత్రము నొకదానిని కొనెను. 1981లో ఆ యిరువురును 'టాల్ డ్వార్ఫ్స్' అను పేర ఇంటనే పాటలు కట్టసాగిరి.

వారికి డోలు వాయించువాడు లేడు. చప్పట్లు చరచిరి, ఇంటి వస్తువులపై దరువు వేసిరి. టేపు ముక్కను కత్తిరించి రెండు కొసలు అతికించి చక్రముగా చేసినచో, ఒకే దరువు ఆగక తిరుగుచుండును. ఆ చక్రముపై గిటారును పాటను చేర్చిరి. డోలు లేని కొరతనుండి వారికొక క్రొత్త శైలి పుట్టినది. తరువాత వారు తమ శ్రోతలనే దరువులు పంపుడని కోరిరి. దేశదేశములనుండి వచ్చిన ఆ దరువులపై 1996లో 'స్టంపీ' అను ఆల్బము కట్టి, దానికి తమ పేరును 'ఇంటర్నేషనల్ టాల్ డ్వార్ఫ్స్' అని మార్చుకొనిరి.

నాక్స్ తన యంత్రమును తన పాటలకే దాచుకొనలేదు. 1981లో క్రైస్ట్‌చర్చి నగరమున గ్రామఫోను రికార్డుల దుకాణము నడపుచున్న రోజర్ షెపర్డ్ 'ఫ్లయింగ్ నన్' అను చిన్న ప్రచురణ సంస్థను స్థాపించెను. 'ది క్లీన్' అను డునెడిన్ నగరపు బృందము నాక్స్ యొక్క యంత్రముపైననే చేసిన రికార్డు ఆ దేశపు పట్టికలో ఐదవ స్థానము నందినది. మరుసటి యేడు నాక్స్, డౌగ్ హుడ్ అనువారు అదే తీరున డునెడిన్ యువకుల నాలుగు బృందములను క్రైస్ట్‌చర్చిలోని ఒక యింటిలో కూర్చుండబెట్టి రికార్డు చేసిరి. ప్రపంచపటమున అట్టడుగున నున్న ఊరి పిల్లలు ఎవరి అనుమతి కొరకును వేచియుండక పాడిరి. ఆ పాటలు సముద్రములు దాటి అమెరికాలోని కళాశాల రేడియోలలో వినబడినవి. 2009లో నాక్స్‌కు పక్షవాతము వచ్చి మాట పడిపోగా, ఆతనివలన ధైర్యము పొందిన గాయకులు పెక్కుమంది ఆతని పాటలను పాడి, ఆతని సహాయార్థము ఒక సంపుటముగా వెలువరించిరి.

నాల్గవ తరగతి మాస్టారు

ఉపాధ్యాయులైన పాఠకులు విశేషముగా తెలిసికొనదగినవాడు రాబర్ట్ పొలార్డ్. అమెరికాలోని ఒహయో రాష్ట్రమున డేటన్ నగరమాతనిది. సుమారు పదునాలుగేండ్లు బడిలో పిల్లలకు పాఠములు చెప్పినవాడు. నాల్గవ తరగతి మాస్టారు. పగలు బడి. సాయంకాలము, సెలవు దినములు మిత్రులతో నేలమాళిగలలోను, కారు షెడ్లలోను పాటలు. 1983లో ఏర్పడిన ఆ బృందము పేరు 'గైడెడ్ బై వాయిసెస్'. స్వంత సొమ్ముతో రికార్డులు వేసికొనిరి. కొన్నవారు స్వల్పము. ఊరిలో ఆదరణ లేదు. 1992లో ఇదియే చివరిదని తలచి 'ప్రొపెల్లర్' అను రికార్డును ఐదువందల ప్రతులు మాత్రమే వేసి, అట్టలన్నిటిని చేతితోనే అలంకరించిరి. ఒక అట్టవలె మరియొకటి యుండదు.

ఆ చివరిది చివరిది కాలేదు. ఆ ప్రతులు చేతులు మారుచు పోయి శ్రోతలను తెచ్చినవి. 1994లో వెలువడిన 'బీ థౌజండ్' అను ఆల్బములో ఇరువది పాటలు గలవు. మొత్తము నిడివి ముప్పది యారు నిమిషములు. కొన్ని పాటలు ఒక నిమిషమైన నిండకముందే ముగియును. మొదటి పాటలో గిటారు ధ్వని నడుమ హఠాత్తుగా తెగిపోయి మరల వచ్చును. అది పొరపాటు. దానిని సరిదిద్దక అట్లే యుంచిరి. మొదటిసారి విన్నప్పుడు నా చెవి చివుక్కుమన్నది. మూడవసారి విన్నప్పుడు, తెగిన చోట గొంతు ఒంటరిగా మిగిలిన ఆ క్షణము కొరకే ఎదురుచూచితిని. ఆ యేడు పొలార్డ్ బడి యుద్యోగము మానెను. అప్పటి కాతని వయస్సు ముప్పది యారు.

అట్టల నన్నిటిని చేత్తో చేయుట, పది పాటలు వ్రాసి తొమ్మిది పారవేయక పదింటిని వినిపించుట, బడి పిల్లల గోడపత్రికను జ్ఞప్తికి తెచ్చును. పిల్లల బొమ్మలలో గీత వంకరగానుండుట మాస్టారు పొలార్డ్ ప్రతిదినము చూచినదే గదా.

జాలికిని మెప్పునకును నడుమ

ఈ చరిత్రలో చెప్పక తప్పనివాడు, చెప్పునప్పుడు జాగ్రత్త వహింపవలసినవాడు డేనియల్ జాన్‌స్టన్. 1961లో జన్మించెను. పశ్చిమ వర్జీనియాలో పెరిగెను. తల్లిదండ్రుల యింటి నేలమాళిగలో పియానో ముందర కూర్చుండి, చౌకరకపు కాసెట్టు యంత్రపు బొత్తాము నొక్కి పాడుకొనెడివాడు. తొలినాళ్లలో కాసెట్టుకు ప్రతి తీయు సాధన మాతనికి లేదు. ఎవరైన అడిగినచో పాటలన్నిటిని మొదటినుండి మరల పాడి, క్రొత్త కాసెట్టు నింపి యిచ్చెడివాడు. 1983లో టెక్సాసునకు పోయి, హ్యూస్టనులో అన్నగారి కారు షెడ్డులో, ఆటవస్తువువంటి చిన్న ఆర్గాను వాయించుచు 'యిప్ జంప్ మ్యూజిక్' అను సంపుటము పాడెను. ఆస్టిన్ నగరమున మెక్‌డొనాల్డ్స్ ఫలహారశాలలో పనిచేయుచు, తాను గీచిన బొమ్మలు అట్టలుగా వేసిన కాసెట్టులను ఎదురైనవారికెల్ల పంచిపెట్టెను. 1992లో నిర్వాణ బృందపు గాయకుడు కర్ట్ కోబేన్, జాన్‌స్టన్ గీచిన కప్ప బొమ్మగల చొక్కా ధరించి బహుమానోత్సవములో కనబడగా ఆతని పేరు లోకమంతయు వ్యాపించినది.

ఆతడు జీవితమున చాల భాగము తీవ్రమైన మానసిక వ్యాధితో బాధపడెను. పలుమార్లు ఆసుపత్రులలో నుండెను. 2019 సెప్టెంబరు 11వ తేదీన మరణించెను. ఆతని పాట వినువారిలో కొందరు ఆ వ్యాధినే ప్రతిభయని భ్రమించిరి. వణకు గొంతును, టేపు బుసను, ఆర్గాను కీచుదనమును వింతగా చూచి మురిసిరి. ఇది న్యాయము కాదు. 2004లో టామ్ వెయిట్స్, బెక్ మొదలగు పేరుమోసిన గాయకులు ఆతని పాటలను తమ తమ రీతులలో పాడిన సంపుటమొకటి వెలువడినది. బుస లేకున్నను, ఆ వణకు గొంతు లేకున్నను పాటలు నిలిచినవి. కట్టడము గట్టిది గనుకనే గోడకు సున్నము లేకున్నను ఇల్లు నిలిచినది.

దోషము గుణమగుట యెట్లు?

అట్లయినచో బుసవలన ప్రయోజనమేమి? 1982లో జరిగిన సంగతి యొకటి దీనికి ప్రమాణము. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అప్పటికే లక్షలాది శ్రోతలు గల గాయకుడు. ఆ జనవరి ఆరంభమున న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్ అను చోట అద్దెయింటి పడకగదిలో పోర్టాస్టూడియో ముందు కూర్చుండి, బృందమునకు నేర్పుటకై కొన్ని పాటలు నమూనాగా పాడుకొనెను. ఆ కాసెట్టును పెట్టెయైన లేకుండ జేబులో వేసికొని తిరిగెను. తరువాత స్టూడియోలో బృందముతో అవే పాటలు వాయింపించెను. ధ్వని మెరుగైనది, పాట దూరమైనది. ఉద్యోగములు పోయినవారు, నేరములు చేసినవారు, రాత్రి ఒంటరిగా కారు నడపువారు ఆ పాటలలోని మనుష్యులు. వారి మాటకు పెద్ద బృందపు హోరు పొసగలేదు. చివరకు జేబులోని కాసెట్టునే 'నెబ్రాస్కా' యను పేర సెప్టెంబరు 30వ తేదీన వెలువరించిరి.

మన ఆలంకారికులు ఈ రహస్యమును ఏనాడో గుర్తించిరి. కావ్యదోషములను వారు నిత్యములు, అనిత్యములు అని రెండు తెగలుగా విభజించిరి. వ్యాకరణ భంగము వంటివి నిత్యదోషములు. అనిత్యదోషములు సందర్భమునుబట్టి మారునవి. చెవికి కటువుగానుండు అక్షరములు శృంగారమున దోషము. రౌద్రమున అవియే గుణము. ఇది తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు చెప్పిన విచారము. మమ్మటుడు కావ్యప్రకాశమున ఇంకొక మెట్టు ఎక్కెను. వాక్యమున ఉండవలసిన పదము లేకుండుట న్యూనపదత్వమను దోషము. కాని హర్షముచేతనో శోకముచేతనో ఉప్పొంగినవాడు పలుకునప్పుడు ఆ లోటే గుణమగును. ఉద్వేగములో నున్నవాడు పూర్తి వాక్యము చెప్పినచో మనము నమ్మము.

పొలార్డ్ పాటలో తెగిన గిటారు న్యూనపదము. స్ప్రింగ్‌స్టీన్ కాసెట్టులోని బుస, గదిలో మరెవ్వరును లేరని తెలుపు సాక్ష్యము. పాడినవానికిని మనకును నడుమ దూరమును అది తగ్గించును. మంచి మైకు గొంతును వినిపించును. పడకగదిలోని మైకు గొంతుతోపాటు గదిని, ఆ రాత్రిని వినిపించును. ధ్వనికి విశ్వాసము తక్కువైనను, ఆ ఘడియకు విశ్వాసము ఎక్కువ.

మన సంగీతములోను ఇట్టిదొకటి గలదు. తంబుర మీటునపుడు తీగ శుద్ధముగా మ్రోగినచో గాయకునికి తృప్తి లేదు. తీగకును గుఱ్ఱమునకును నడుమ సన్నని దారపు పోగు దూర్చి, జరిపి జరిపి, తీగ ఝుమ్మనునట్లు చేయును. అప్పుడు తీగకు 'జీవ' వచ్చినదందురు. కాని ఆ పోగును వెండ్రుకవాసి అటునిటు జరిపినను జీవ పోయి వట్టి రొద మిగులును. రొదలన్నియు జీవ కావు. లోఫై పేర వచ్చు పాటలలో నూటికి తొంబది వట్టి రొదయే యని చెప్పినను అతిశయోక్తి కాదు. శ్రద్ధ లేమిని బుస కప్పిపుచ్చదు. అది నిత్యదోషము.

నా యెర్రసిరా

ఇక నా పొరపాటు. పదేండ్ల క్రిందట విద్యార్థుల స్వీయగేయముల పోటీకి నన్ను న్యాయనిర్ణేతలలో ఒకనిగా పిలిచిరి. పాటలను రికార్డు చేసి పంపవలెను. వచ్చినవానిలో ఒక బాలిక తన యింటి వంటగదిలో సెల్‌ఫోనుతో చేసినది గలదు. పాట తానే వ్రాసినది. ప్రొద్దుననే కూలికి పోవు తల్లి, పోకముందు ఇల్లు చక్కబెట్టుటను గూర్చినది. పళ్లెముపై చెంచాతో తాళము. రెండవ చరణము మధ్య కుక్కరు ఈల వేసినది. ఆ పిల్ల ఒక్క క్షణము ఆగి, ఈల ఆగగానే, అదే శ్రుతి నందుకొని చరణము పూర్తిచేసినది. వెనుక ఎవరో చిన్నగా నవ్వినట్లు వినబడినది.

మార్కుల కాగితముపై నేను "శబ్దస్వచ్ఛత లేదు" అని ఎర్రసిరాతో వ్రాసి మార్కులు తగ్గించితిని. పట్టణపు స్టూడియోలో శ్రుతి దిద్దించి, వాద్యములు చేర్పించి పంపిన పాటకు మొదటి బహుమతి వచ్చినది. ఆ పాట ఒక్క ముక్కయు నాకిప్పుడు జ్ఞాపకము లేదు. వంటగది పాట జ్ఞాపకమున్నది. ఏడాది తిరిగిన తరువాత ఆ బాలిక తారసపడగా, ఆ రికార్డింగు ఉన్నదా యని అడిగితిని. "ఫోన్లో చోటు లేక తీసేశాను సార్. అయినా అది బాగా రాలేదు కదా" అన్నది. బాగా రాలేదని ఆమెకు చెప్పినది నేనే. మరల పాటలు వ్రాయుచున్నదా యని అడుగుటకు నాకు నోరు రాలేదు.

ఈనాటి చేతిలోని యంత్రము

నేడు ప్రతి విద్యార్థి చేతిలోని ఫోను, ఆ నాటి పోర్టాస్టూడియో చేయలేని పనులు చేయగలదు. ఇంట చేసిన పాట లోపభూయిష్టముగా నుండవలెననియు లేదు. బిల్లీ ఐలిష్ అను అమెరికా యువతి, అన్న ఫినియస్‌తో కలిసి తమ యింటి పడకగదిలో కట్టిన పాటలకు 2020లో గ్రామీ పురస్కారములలో నాలుగు ప్రధాన బహుమానములును లభించినవి. ఆ పాటలలో బుస లేదు. బుస యిప్పుడు అవసరము కాదు, అలంకారము. మా విద్యార్థి విన్న చిటపట అట్టిదే. తెలుగు సినిమా పాటలను కూడ వేగము తగ్గించి, ప్రతిధ్వని చేర్చి, లోఫై యని పేరు పెట్టి యూట్యూబులో వినిపించుచున్నారు. చదువుకొను పిల్లవానికి అది ఊరట నిచ్చినచో నాకు అభ్యంతరము లేదు. క్రొత్త గుడ్డను రాతిపై రుద్ది పాతదిగా చేయుట వంటిదది. ధరించుటకు మెత్తగానే యుండును గాని, ఎవరును దానిని ధరించి పొలము దున్నలేదు.

ఆ పిల్లవాడు పుస్తకము మూసి లేచునపుడు ఒక మాట చెప్పితిని. "విను, తప్పులేదు. కాని ఒకసారి నీవే పాడి చూడు. నీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే తిరగనీ" అంటిని. "నాకు పాడడం రాదు సార్" అనెను. రాదనుట కారణము కాదనుటకే ఇంత వ్రాసితిని.

తోడి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. పిల్లలు వ్రాసినది, పాడినది, గీచినది మన బల్లపైకి వచ్చినప్పుడు దోషములు మనకు ముందుగా కనబడును. అది మన వృత్తి నేర్పిన చూపు. అందులో ఏది నిత్యము, ఏది అనిత్యమో తేల్చుటకు ఒకసారి వినుట చాలదు. నేను ఆ దినమున వ్రాసిన మాట అబద్ధము కాదు, శబ్దస్వచ్ఛత నిజముగనే లేదు. అయితే ఆ కాగితముపై పాటను గూర్చి నేనొక్క మాటయు వ్రాయలేదు.